70 ఏళ్లకు వచ్చే జబ్బు 40 రోజుల న్యూరాన్‌లో కనబడుతుందా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు, వాటి వెనక మీ గైడ్ అనుమానం ఒకటి. మీ ల్యాబ్‌లో ఇంతవరకు ఎలుకల మీదే పని జరిగింది. ఇప్పుడు రోగుల చర్మకణాలను న్యూరాన్లుగా మార్చి ఏఎల్ఎస్‌నూ (కండరాలను కదిలించే మోటార్ న్యూరాన్లు చచ్చిపోయే జబ్బు) అల్జీమర్స్‌నూ చదవాలనుకుంటున్నారు. ఐపీఎస్ కణాల (ఏ రకం కణంగానైనా మారగల తొలి స్థితికి వెనక్కి తెచ్చిన కణాల) దారిలో వెళ్లాలా, చర్మకణాన్ని నేరుగా న్యూరాన్‌గా మార్చాలా అన్నది మొదటి ప్రశ్న. ఎంతమంది రోగుల కణాలు కావాలన్నది రెండోది. చర్మం ఇచ్చిన కుటుంబాలు "దీంతో మావాళ్లకు నయమవుతుందా" అని అడిగితే ఏం చెప్పాలన్నది మూడోది. గైడ్ అనుమానమేమో, "జబ్బు వచ్చేది 70 ఏళ్లకు, మీ ప్లేట్‌లో ఉండే న్యూరాన్ వయసు 40 రోజులు, అందులో ఏం కనబడుతుంది?" అని.

పన్నెండేళ్లుగా ఈ కణాలను పెంచడమే నా పని. మీ గైడ్ అడిగింది చాలా సరైన మాట. మీ మిగతా ప్రశ్నలకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. మీరు పట్టుకున్న జబ్బును నడిపిస్తున్నది జన్యువా, వయసా? ముందు ఇది తేల్చుకోండి. ఏ దారి పట్టాలో, ఎన్ని లైన్లు (ఒక్కో దాత నుంచి తెచ్చి ల్యాబ్‌లో పెంచుతూ పోయే కణాలు) కావాలో దాన్నిబట్టే ఉంటుంది.

ఈ పద్ధతి ఎందుకు అవసరమైందో మీకు తెలిసే ఉంటుంది, అయినా క్లుప్తంగా చెబుతాను. కాలేయానికో కిడ్నీకో జబ్బు చేస్తే సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. బతికున్న మనిషి మెదడు నుంచి అలా తీయలేం. చనిపోయాక దానమిచ్చిన మెదడులో చూడవచ్చు గానీ, అప్పటికి మనకు కావలసిన న్యూరాన్లలో చాలావరకు పోయి ఉంటాయి, మొదట చెడింది ఏదో, దాని వెంట చెడింది ఏదో విడదీయడం కష్టం. షిన్యా యమనాక, కజుతోషి తకహాషి 2006లో ఎలుక చర్మకణాల మీద 24 జన్యువులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే తీసేసి చూస్తూ చివరికి నాలుగు చాలని తేల్చారు: ఆక్ట్3/4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్. ఆ నాలుగు పెడితే చర్మకణం పిండంలోని తొలి కణంలాంటి స్థితికి వెళ్లిపోయింది. 2007లో మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. అదే సమయంలో జేమ్స్ థామ్సన్ బృందం కొంచెం వేరే నాలుగు జన్యువులతో, అంటే ఆక్ట్4, సాక్స్2లకు నానోగ్, లిన్28 కలిపి, అదే పని చేసింది. కప్ప పేగు కణంలోని కేంద్రకంతో కొత్త కప్పను పెంచవచ్చని 1962లోనే చూపించిన జాన్ గర్డన్‌కూ యమనాకకూ కలిపి 2012లో నోబెల్ ఇచ్చారు.

నాకు మాత్రం వీటన్నిటికన్నా మనసులో నిలిచిపోయింది 2008 నాటి పని. కెవిన్ ఎగ్గన్ బృందం 82 ఏళ్ల ఒక ఏఎల్ఎస్ రోగి చర్మం నుంచి ఐపీఎస్ కణాలు తయారుచేసి, వాటిని మోటార్ న్యూరాన్లుగా మార్చింది. ఆమెకున్న ఎస్ఓడీ1 మ్యుటేషన్ ఆ న్యూరాన్లలోనూ ఉంది. ఆమె వెన్నుపాములో ఏ రకం కణాలు చచ్చిపోతున్నాయో, సరిగ్గా ఆ రకం కణాలు, ఆమె జన్యువులతోనే, ప్లేట్‌లో బతికి ఉన్నాయి. అప్పుడే ఈ రంగంలోకి రావాలని నిర్ణయించుకున్నాను.

ఇక మీ గైడ్ అనుమానం దగ్గరికి వద్దాం. రీప్రోగ్రామింగ్‌లో, అంటే కణాన్ని ఇలా తొలి స్థితికి తేవడంలో, కణం గుర్తింపు ఒక్కటే చెరిగిపోదు, వయసు కూడా చెరిగిపోతుంది. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులను బట్టి వయసు లెక్కగట్టే పద్ధతి ఉంది కదా, దాంతో చూస్తే ఐపీఎస్ కణం వయసు ఇంచుమించు సున్నా. 82 ఏళ్ల మనిషి నుంచి వచ్చినా, 8 ఏళ్ల పిల్లవాడి నుంచి వచ్చినా అంతే. దాని నుంచి తయారైన న్యూరాన్ కూడా తల్లి కడుపులోని బిడ్డ న్యూరాన్‌కే దగ్గరగా ఉంటుంది.

ఇది పేరుకు చెప్పుకునే లోపం అనుకోకండి. ఒక ఉదాహరణ దగ్గరగా చూడండి. పెద్దవాళ్ల మెదడులో టౌ ప్రోటీన్ ఆరు రూపాల్లో ఉంటుంది. వాటిలో మూడింటికి మూడు రిపీట్‌లు (ప్రోటీన్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు), మూడింటికి నాలుగు రిపీట్‌లు. రెండు రకాలూ దాదాపు సమానంగా ఉంటాయి. పిండంలో మాత్రం మూడు రిపీట్‌ల పొట్టి రూపం ఒక్కటే. ఐపీఎస్ నుంచి వచ్చిన న్యూరాన్లలో మొదటి వారాల్లో దాదాపు ఆ పొట్టి రూపమే కనబడుతుంది. నాలుగో రిపీట్ రావాలంటే టౌ జన్యువులోని ఎక్సాన్ 10 అనే ముక్క చేరాలి. ఇప్పుడు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో బాగా పేరున్న పీ301ఎల్ మ్యుటేషన్ ఎక్కడుంది? ఎక్సాన్ 10లోనే. అంటే మీరు ఎంతో కష్టపడి ఆ మ్యుటేషన్ ఉన్న రోగిని వెతికి, చర్మం తీసుకుని, ఆర్నెల్లు పెంచి, 40వ రోజున న్యూరాన్లను చూస్తే, చెడిన ఆ ముక్క ప్రోటీన్‌లోకి ఇంచుమించుగా వచ్చే ఉండదు. "రోగి న్యూరాన్లకీ మామూలు న్యూరాన్లకీ తేడా లేదు" అని రాసుకుంటారు. అది జబ్బు గురించి తెలిసిన విషయం కాదు, న్యూరాన్ వయసు గురించి తెలిసిన విషయం. అందుకే మ్యుటేషన్ ఎంచుకున్న రోజే, ఆ జన్యువు మీరు చూడబోయే రోజుకు మీ న్యూరాన్లో పలుకుతోందా, అంటే పనిచేస్తోందా, ఏ రూపంలో పలుకుతోంది అన్నది మామూలు కణాల్లో ఒక పీసీఆర్ చేసి చూసుకోండి. వారం రోజుల పని.

అయితే ఇంత పసి కణాలతో ఏం లాభం అంటారా? చాలా ఉంది. జబ్బు లక్షణాలు 60 ఏళ్లకు బయటపడవచ్చు గానీ, తప్పుగా ఉన్న జన్యువు మొదటి రోజు నుంచీ తప్పుగానే ఉంటుంది. ఆ తప్పు మొదట తాకేది దేన్ని అన్నది పసి కణంలోనే శుభ్రంగా తెలుస్తుంది. పార్కిన్సన్స్ వచ్చే కొన్ని కుటుంబాల్లో ఆల్ఫా-సిన్యూక్లిన్ జన్యువు మామూలుగా రెండు ప్రతులు ఉండాల్సింది నాలుగు ఉంటాయి. అలాంటి రోగి నుంచి తయారైన డోపమైన్ న్యూరాన్లలో ఆ ప్రోటీన్ దాదాపు రెట్టింపు ఉన్నట్టు 2011లోనే చూశారు. దానికి వయసు అక్కర్లేదు.

ఏఎల్ఎస్‌లో ఇంకా ముందుకు వెళ్లారు. 2014లో బ్రయాన్ వైంగర్, ఎగ్గన్, క్లిఫర్డ్ వుల్ఫ్ తదితరులు రోగుల మోటార్ న్యూరాన్లు అవసరానికి మించి ఫైర్ అవుతున్నాయని (సంకేతాలు పంపుతున్నాయని), పొటాషియం చానెళ్లను తెరిచే రెటిగాబిన్ అనే మూర్ఛ మందు ఇస్తే నెమ్మదిస్తున్నాయని చూపించారు. అదే మందును ఎజోగాబిన్ పేరుతో 65 మంది ఏఎల్ఎస్ రోగుల మీద పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. ప్లేట్‌లో కనబడ్డట్టే మనుషుల్లోనూ మోటార్ న్యూరాన్ల ఉద్రేకం తగ్గింది. ఆ మందు రోగుల ఆయుష్షు పెంచుతుందని తేల్చడానికి పెట్టిన ట్రయల్ కాదది, అంత పెద్దదీ కాదు. కానీ ప్లేట్‌లో కొలిచిన ఒక సంగతిని మనిషిలో అదే కొలతతో సరిచూడగలిగారు. మా రంగంలో అలా జరగడం అరుదు, అందుకే దానికి నేను చాలా విలువిస్తాను.

ఎలుకలతో పనిచేసిన మీకు స్టాత్మిన్-2 కథ తప్పక తెలియాలి. ఏఎల్ఎస్ రోగుల్లో దాదాపు అందరి మోటార్ న్యూరాన్లలోనూ టీడీపీ-43 అనే ప్రోటీన్ కేంద్రకం వదిలి బయట ముద్దలు కడుతుంది. అది కేంద్రకంలో లేకపోతే ఏమవుతుందన్నది చాలాకాలం తెలియలేదు. 2019లో రెండు బృందాలు మనిషి న్యూరాన్లలో టీడీపీ-43ని తగ్గించి చూశాయి. స్టాత్మిన్-2 ఆర్ఎన్ఏలోకి ఉండకూడని ఒక ముక్క చొరబడుతోంది, దాంతో ఆ ప్రోటీన్ సగంలో ఆగిపోతోంది. ఆక్సాన్ (న్యూరాన్ పొడవాటి తీగ) తెగితే మళ్లీ పెరగడానికి కావలసిన ప్రోటీన్ అది. రోగుల వెన్నుపాములో చూస్తే అక్కడా అదే ముక్క దొరికింది. ఎలుక జన్యువులో ఆ దాగిన ముక్కే లేదు. ఎలుకలో ఎన్నేళ్లు వెతికినా అది బయటపడేది కాదు.

ఈ కథలో ఇంకో సంగతి గమనించండి. వాళ్లు టీడీపీ-43 తనంతట తాను బయటికి వస్తుందని ఎదురుచూడలేదు, తామే తగ్గించారు. చాలా ల్యాబ్‌లలో రోగి ఐపీఎస్ న్యూరాన్లను ఊరికే పెంచితే టీడీపీ-43 కేంద్రకంలోనే చక్కగా కూర్చుని ఉంటుంది. ఒక పేపర్‌లో బయటికి వచ్చిందంటారు, మీ చేతిలో రాదు. దాన్నే మీ ప్రధాన కొలతగా పెట్టుకుని థీసిస్ మొత్తం దాని మీద ఆధారపడేలా చేసుకోవద్దు. జబ్బు మెట్లలో ఒకదాన్ని మీరే కదిపి, దాని తర్వాతి మెట్టు చూడండి. చూసినదాన్ని దానమిచ్చిన మెదడు కణజాలంలో సరిచూడండి.

ఇప్పుడు వయసు నడిపించే జబ్బుల సంగతి. ఇక్కడే నేరుగా మార్చే పద్ధతి పనికొస్తుంది. 2010లో మారియస్ వెర్నిగ్ బృందం ఏఎస్‌సీఎల్1, బీఆర్ఎన్2, ఎంవైటీ1ఎల్ అనే మూడు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని మధ్యలో ఐపీఎస్ దశ లేకుండానే న్యూరాన్‌గా మార్చింది. మరుసటి ఏడాది ఆండ్రూ యూ తదితరులు మైక్రో ఆర్ఎన్ఏ-9, 124 అనే చిన్న ఆర్ఎన్ఏలతో మనిషి కణాలను మార్చారు. వెనక్కి వెళ్లి రావడం లేదు కాబట్టి వయసు గుర్తులు చాలావరకు మిగిలిపోతాయి. పుట్టిన పిల్లల నుంచి 89 ఏళ్ల వాళ్ల దాకా చర్మకణాలు తీసుకుని రెండు పద్ధతుల్లోనూ న్యూరాన్లు చేసి యెరోమ్ మెర్టెన్స్, ఫ్రెడ్ గేజ్ 2015లో పోల్చారు. నేరుగా మార్చిన వాటిలో దాత వయసు తెలుస్తోంది, ఐపీఎస్ దారిలో వచ్చిన వాటిలో తెలియడం లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం మాత్రం హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు మీద జరిగింది. ఈ జబ్బులో హంటింగ్టిన్ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు పదే పదే వస్తాయి. 40 దాటితే జబ్బు ఖాయం. మధ్యవయసులో జబ్బు పడేవాళ్లకు సాధారణంగా 40 నుంచి 50 ఉంటాయి. ఐపీఎస్ న్యూరాన్లలో తేడా చూడాలంటే 60, 109, 180 సార్లు ఉన్న, అంటే చిన్నతనంలోనే జబ్బు పడ్డ అరుదైన రోగుల లైన్లు వాడాల్సి వచ్చేది. ఆండ్రూ యూ బృందం 2018లో మామూలు పెద్ద రోగుల చర్మకణాలను నేరుగా స్ట్రయాటమ్ (ఈ జబ్బు ఎక్కువగా దెబ్బతీసే మెదడు భాగం) న్యూరాన్లుగా మార్చింది. వాటిలో హంటింగ్టిన్ ముద్దలు కనబడ్డాయి, డీఎన్ఏ దెబ్బతింది, కణాలు చచ్చిపోయాయి. తర్వాత వాళ్లు చేసిన పని చూడండి. అదే జబ్బున్న ఐపీఎస్ కణాల నుంచి పసి చర్మకణాల్లాంటివి తయారుచేసి, వాటిని అదే పద్ధతిలో న్యూరాన్లుగా మార్చారు. జన్యువు అదే, మ్యుటేషన్ అదే, మార్చే పద్ధతీ అదే. ముద్దలు మాత్రం రాలేదు. మధ్యలో చెరిగింది వయసొక్కటే. మీ గైడ్‌కు ఈ ఒక్క ప్రయోగం చూపిస్తే చాలు, ఆయన అనుమానం ఎంత నిజమో, దానికి విరుగుడు ఎక్కడుందో రెండూ కనబడతాయి.

2024లో అదే బృందం, కుటుంబంలో మ్యుటేషన్ ఏదీ లేకుండా వయసు మీద పడ్డాక వచ్చే అల్జీమర్స్ రోగుల కణాలను నేరుగా మార్చి, జెల్‌లో మూడు దిక్కులా పెంచింది. బయట అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంది, టౌ చెడింది, న్యూరాన్లు చచ్చిపోయాయి. అమిలాయిడ్ తయారీని ఆపే మందులు తొలి దశలోనే ఇస్తే ఇవన్నీ తగ్గాయి. మీ ఆసక్తి వంశపారంపర్యం కాని అల్జీమర్స్ అయితే నా సలహా ఇదే దారి.

దీని కష్టాలూ చెప్పాలి. ఐపీఎస్ కణాలను ఎన్నైనా పెంచుకోవచ్చు, నైట్రోజన్‌లో దాచుకోవచ్చు, కావలసినప్పుడు తీయవచ్చు. చర్మకణాలు అలా కాదు. ముసలివాళ్ల చర్మకణాలు కొన్ని పాసేజ్‌లకే (కొత్త ప్లేట్‌కు మార్చి పెంచిన ప్రతిసారీ ఒక పాసేజ్) అలసిపోయి విభజన ఆపేస్తాయి. నేరుగా మారిన న్యూరాన్ ఇక విభజన చెందదు. అంటే ఎంత చర్మం ఉంటే అన్నే న్యూరాన్లు. వేల మందుల పరీక్ష పెట్టుకోలేరు. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో మ్యుటేషన్ సరిచేసి, ఒక్క కణం నుంచి క్లోన్ పెంచి, అప్పుడు న్యూరాన్ చేద్దామంటే అంతదాకా ఆ చర్మకణం బతకదు. మారని చర్మకణాలు మధ్యలో మిగిలిపోయి మీ ఆర్ఎన్ఏ లెక్కలన్నీ పాడుచేస్తాయి.

ఐపీఎస్ న్యూరాన్లకే వయసు తెప్పించే ప్రయత్నాలూ ఉన్నాయి. పిల్లలకు ముసలితనం తెచ్చే ప్రొజీరియా జబ్బులో ప్రొజెరిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. 2013లో లోరెంజ్ స్టూడర్ బృందం దాన్ని డోపమైన్ న్యూరాన్లలో పెట్టి వయసు లక్షణాలు తెప్పించింది. తెలివైన పని. అయినా అది మామూలు ముసలితనమేనా అంటే నేను గట్టిగా ఔననలేను. ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెట్టి "వయసు పెంచాం" అని రాసేవాళ్లతో మాత్రం నేను అస్సలు ఏకీభవించను. కణాన్ని హింసించడం వేరు, కణానికి వయసు రావడం వేరు.

ఇక ఎన్ని లైన్లు అన్న ప్రశ్న. దీనికి నాకు జరిగింది చెప్పకుండా జవాబివ్వలేను. మొదట్లో ఇద్దరు రోగులు, ఇద్దరు ఆరోగ్యవంతుల లైన్లతో మొదలుపెట్టాను. రోగుల లైన్లలో న్యూరాన్లు తక్కువగా వస్తున్నాయి, వచ్చినవి పొట్టిగా ఉన్నాయి. నాలుగు బ్యాచ్‌లు చేస్తే నాలుగింటిలోనూ అదే. జబ్బు లక్షణం దొరికిందని ఎనిమిది నెలలు దాని వెంటే తిరిగాను, పోస్టర్ కూడా పెట్టాను. తర్వాత సీనియర్ ఒకరు 20వ క్రోమోజోమ్ చూశారా అని అడిగారు. క్యారియోటైప్ (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించాం, మామూలుగానే ఉంది అన్నాను. క్యారియోటైప్‌లో అంత చిన్న మార్పు కనబడదు, పీసీఆర్‌తో చూడమన్నారు. చూస్తే రోగుల లైన్లలో రెండింటిలోనూ 20వ క్రోమోజోమ్ పొడుగు చేతిలో ఒక ముక్క అదనంగా ఉంది. ఐపీఎస్ కణాల్లో తరచూ వచ్చే మార్పు అది. ఆ ముక్కలో కణాన్ని చావనివ్వని జన్యువొకటి ఉంటుంది, కాబట్టి ఆ మార్పు వచ్చిన కణాలే బతికి బతికి ప్లేట్ నిండిపోతాయి. పైగా ఆ మార్పు ఉంటే కణాలు నాడీ కణజాలంగా మారడానికి మొరాయిస్తాయి. నేను జబ్బు అనుకున్నది అదే. రోగుల లైన్లు 45వ పాసేజ్‌లో ఉన్నాయి, కంట్రోల్ లైన్లు, అంటే ఆరోగ్యవంతులవి, 20లో ఉన్నాయి. ఇది నా తప్పే, ఇంకెవరిదీ కాదు. ఆ రోజు నుంచి నేను పాసేజ్ నంబర్ రాయని ట్యూబ్ ముట్టుకోలేదు.

కాబట్టి ఒకే జన్యువులో తప్పు వల్ల వచ్చే జబ్బయితే, రోగుల సంఖ్య పెంచడం కన్నా రోగి కణంలోనే ఆ మ్యుటేషన్‌ను సరిచేసి జత తయారుచేసుకోవడం మేలు. ఇద్దరు మనుషుల మధ్య లక్షల తేడాలు ఉంటాయి. సరిచేసిన జతలో తేడా ఒక్కటే. ఇద్దరు ముగ్గురు రోగులు, ఒక్కొక్కరికి సరిచేసిన జత, జతలో రెండేసి క్లోన్లు ఉంటే గట్టిగా నిలబడే పని చేయవచ్చు. దీనికి తోడుగా, ఒక ఆరోగ్యవంతుడి లైన్‌లోకి అదే మ్యుటేషన్ చొప్పించి చూస్తే ఇంకా బలం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఐఎన్‌డీఐ ప్రాజెక్ట్ చేస్తున్నది అదే. కేఓఎల్ఎఫ్2.1జే అనే ఒకే లైన్‌లోకి అల్జీమర్స్, ఇతర డిమెన్షియాలకు సంబంధించిన మ్యుటేషన్లు వందకు పైగా చొప్పించడం వాళ్ల లక్ష్యం. క్రిస్పర్ చేశాక మాత్రం ఒకటి చూసుకోండి. కొన్నిసార్లు కత్తిరించిన చోట ఒక ప్రతి పూర్తిగా ఊడిపోయి, మిగిలిన ప్రతి ఒక్కటే సీక్వెన్స్‌లో కనబడి, రెండూ సరయ్యాయని భ్రమ కలుగుతుంది. చుట్టుపక్కల వేరియంట్లు రెండు ప్రతులవీ ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

వంశపారంపర్యం కాని జబ్బయితే లెక్క మారిపోతుంది. లారెన్స్ గోల్డ్‌స్టీన్ బృందం 2012లో అల్జీమర్స్ మీద చేసిన పని చూడండి. అమిలాయిడ్‌కు మూలమైన ఏపీపీ జన్యువు అదనపు ప్రతి ఉన్న ఇద్దరు రోగుల న్యూరాన్లలో అమిలాయిడ్ పెరిగింది, టౌ మీద ఫాస్ఫేట్ పెరిగింది. కుటుంబ చరిత్ర లేని మరో ఇద్దరు రోగుల్లో ఒకరిలో అదే కనబడింది, రెండోవారిలో కనబడలేదు. ఆ రెండోవారి దగ్గర ఆగి ఆలోచించండి. ఒకే పేరు పెట్టిన జబ్బు లోపల ఒకటే కాదేమో. అలాంటి చోట ముగ్గురు రోగులు, ముగ్గురు కంట్రోళ్లతో ఏదీ తేలదు, పదుల సంఖ్యలో మనుషులు కావాలి. ఒక ల్యాబ్ ఒంటరిగా చేయగలిగేది కాదు, కణాల బ్యాంకుల నుంచి తెచ్చుకోవడమే దారి.

ఇంకో మాట. మీ గ్రాఫ్ కింద వెల్స్ (ప్లేట్‌లోని గుంటల) సంఖ్య రాయకండి. ఒకే బ్యాచ్‌లో 96 వెల్స్ ఉన్నా అది ఒక్క ప్రయోగమే. వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టిన బ్యాచ్‌లు ఎన్ని, దాతలు ఎందరు అన్నదే లెక్క. ఒకే లైన్లను అయిదు ల్యాబ్‌లకు ఇచ్చి, ఒకే ప్రోటోకాల్‌తో న్యూరాన్లు చేయించి 2018లో పోల్చి చూస్తే, తేడాకు అన్నిటికన్నా పెద్ద కారణం ఏ ల్యాబ్‌లో చేశారన్నదేనని తేలింది. రోగి కణాలన్నీ ప్లేట్‌లో ఎడమ పక్క, కంట్రోల్ అన్నీ కుడి పక్క పెట్టకండి. అంచు వెల్స్‌లో నీరు ఆవిరై మీడియా చిక్కబడుతుంది, అక్కడ న్యూరాన్లు వేయకుండా నీళ్లు పోసి వదిలేయండి. లెక్కపెట్టేవాళ్లకు ఏ వెల్ ఎవరిదో తెలియకూడదు.

ఏ కణం చేయాలన్నది కూడా జన్యువే చెబుతుంది. ఎన్‌జీఎన్2 అనే జన్యువు పెట్టి రెండు వారాల్లో న్యూరాన్లు చేసే పద్ధతి 2013 నుంచి ఉంది, త్వరగా అవుతుంది, అందరూ దానికే వెళ్తున్నారు. కానీ వచ్చేవి కార్టెక్స్‌లో ఉండే ఉత్తేజక న్యూరాన్లు. ఏఎల్ఎస్‌కు మోటార్ న్యూరాన్లు కావాలి, అందుకు రెటినోయిక్ యాసిడ్, సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతాలు ఇస్తూ నెమ్మదిగా తేవాలి. అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4ను చూడాలనుకుంటే, మెదడులో ఆ ప్రోటీన్ ఎక్కువగా తయారుచేసేది ఆస్ట్రోసైట్లు, అంటే న్యూరాన్లకు తోడుండే కణాలు. అల్జీమర్స్‌కే సంబంధించిన మరో జన్యువు ట్రెమ్2 అయితే మెదడును కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో ఉంటుంది. మైక్రోగ్లియా నాడీ కణజాలం నుంచి రావు, రక్తకణాల వైపు నుంచి వస్తాయి, వాటికి ప్రోటోకాల్ వేరు. ట్రెమ్2 మ్యుటేషన్ పెట్టి ఒట్టి న్యూరాన్లలో తేడా వెతికిన పనులు నేను చూశాను, బాధేసింది.

కుటుంబాల ప్రశ్నకు వస్తాను. పార్కిన్సన్స్‌కు ఐపీఎస్ కణాల నుంచి చేసిన డోపమైన్ కణాలను మెదడులో పెట్టే ట్రయల్ క్యోటోలో 2018లో మొదలైంది. ఏడుగురికి పెట్టారు, తీవ్రమైన దుష్ప్రభావాలు రాలేదని 2025లో ప్రకటించారు. ఆ కణాలు రోగులవి కావు, ఆరోగ్యవంతుడైన దాతవి. ఒక చోట ఒక రకం కణాలు పోయే జబ్బు కాబట్టి అక్కడ ఆ ఆశ ఉంది. అల్జీమర్స్ అలాంటిది కాదు. మీరు తీసుకునే చర్మం చదువుకోవడానికి, తిరిగి ఎక్కించడానికి కాదు. ఈ మాట ఒప్పంద పత్రంలో మూడో పేజీలో ఉంటే చాలదు, ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. డబ్బు తీసుకుని "స్టెమ్ సెల్ చికిత్స" చేస్తామనే చోట్లకు వెళ్లవద్దని కూడా చెప్పండి, ఎందుకంటే మీ నుంచి వచ్చాక వాళ్లు వెతికేది అదే.

ఒక ఏఎల్ఎస్ రోగి గుర్తొస్తారు. పెన్ను పట్టుకోలేకపోయారు, కూతురు చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించింది. "ఇది నాకు పనికొస్తుందా?" అని అడిగారు. "రాదండీ" అన్నాను. కాసేపు ఆగి, "సరే, తీసుకోండి" అని చెయ్యి ముందుకు చాపారు. నాలుగు మిల్లీమీటర్ల చర్మం. ఆ లైన్ ఇప్పటికీ వాడుతున్నాం. ఆ ట్యూబ్ కరిగించిన ప్రతిసారీ నేను బ్యాచ్ పాడవకుండా చూసుకుంటాను.

అందుకే మీ మొదటి మూడు నెలలూ రోగుల చర్మం జోలికి వెళ్లవద్దు. బ్యాంకు నుంచి సరిచేసిన జత ఉన్న లైన్ ఒకటి తెప్పించుకోండి. వచ్చిన రోజే మైకోప్లాస్మా (కణాలకు కంటికి కనబడకుండా సోకే సూక్ష్మజీవి), 20వ క్రోమోజోమ్ పరీక్షలు చేయించి, పది ట్యూబులు నైట్రోజన్‌లో పెట్టేయండి. రోజూ మైక్రోస్కోప్‌లో కాలనీలు చూడండి. అంచు గీత గీసినట్టు ఉండాలి, లోపల కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని ఉండాలి. అంచులో కణాలు చదునుగా పరుచుకుంటుంటే అక్కడ మారిపోతున్నాయని అర్థం, పిపెట్ మొనతో గీకి తీసేయండి. న్యూరాన్లు చేసేటప్పుడు కణాలు అతుక్కోవడానికి ప్లేట్‌కు పాలీఆర్నిథిన్ పూశాక నీళ్లతో మూడుసార్లు కడిగి, అప్పుడు లామినిన్ అనే ప్రోటీన్ వేయండి. సరిగా కడగకపోతే మిగిలిన పాలీఆర్నిథిన్ కణాలను చంపుతుంది. మీడియా సగమే మార్చండి, గోడ వెంట, చుక్క చుక్కగా. 25వ రోజు దాటాక తొందరపడి పోస్తే, న్యూరాన్ల పొర మొత్తం ఒక మూల నుంచి లేచి, చుట్టచుట్టుకుపోయి, మీ కళ్ల ముందే తేలుతుంది. మూడు బ్యాచ్‌లు వరసగా 40వ రోజు దాకా అతుక్కుని ఉంటే, అప్పుడు చర్మం అడగండి.